గిటార్ ఎవరి చేతికి వెళ్ళాలి?

(హైదరాబాద్‌లో గిటార్ నేర్చుకుంటున్న యువతీ యువకుల సమావేశంలో, గిటార్ల మరమ్మతు వృత్తిగా ఉన్న ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పాత గిటార్ల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఏ సంవత్సరంలో ఏ స్క్రూ వాడారు, సీరియల్ నంబర్ చూసి వయసు ఎలా కట్టాలి, వేలంలో ఎంత పలికింది, ఇలాంటివి ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. నాకూ ఇష్టమే. కానీ ఈరోజు వేరే విషయం ఎత్తుకుంటాను. ఒక గిటార్ ఒక తరం చేతిలోంచి తర్వాతి తరం చేతిలోకి ఎలా వెళ్తుంది? వెళ్ళేటప్పుడు దానితోపాటు ఇంకేమేం వెళ్తాయి?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇచ్చేవాళ్ళు డబ్బు కన్నా ముందు చెయ్యి చూడాలి. తీసుకునే మనిషి దాన్ని రోజూ వాయిస్తారా, వాయించరా, అదొక్కటే అసలు ప్రశ్న. ఎందుకు ఇంత గట్టిగా అంటున్నానో చెప్పాలంటే ఒక గిటార్ కథ చెప్పాలి. మీలో కొందరికి తెలిసే ఉంటుంది. తెలిసినవాళ్ళు కూడా ఇంకోసారి వినండి, ఎన్నిసార్లు విన్నా నాకు తనివి తీరని కథ ఇది.

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో కలమజూ అని ఒక ఊరు. గిటార్లు చేసే గిబ్సన్ కంపెనీ ఫ్యాక్టరీ అప్పట్లో అక్కడ ఉండేది. 1958 నుంచి 1960 దాకా వాళ్ళు లెస్ పాల్ అనే ఎలక్ట్రిక్ గిటార్ మోడల్‌ను సన్‌బర్స్ట్ రంగులో చేశారు. మధ్యలో పసుపు, అంచులకు వెళ్ళేకొద్దీ ఎరుపు. మొత్తం మీద తయారైనవి సుమారు 1,500. సరిగ్గా అమ్ముడుపోలేదు. బరువెక్కువ, ధర ఎక్కువ, ఆ రోజుల ఫ్యాషన్‌కు పాతకాలపు ఆకారం. 1960లో ఆపేశారు. ఆ తర్వాత ఐదారేళ్ళు అవి ఎవరికీ పెద్దగా పట్టని సెకండ్‌హ్యాండ్ సరుకు.

లండన్ బ్లూస్ కుర్రాళ్ళు వాటిని మళ్ళీ బతికించారు. 1966లో జాన్ మేయల్ బృందంతో ఎరిక్ క్లాప్టన్ చేసిన రికార్డు వచ్చింది. లెస్ పాల్‌ను మార్షల్ కంపెనీ యాంప్లిఫయర్‌కు తగిలించి, వాల్యూమ్ బాగా పెంచి వాయించాడు. అప్పటిదాకా గిటార్‌లోంచి అలాంటి మందమైన, సాగే స్వరం చాలామంది విని ఉండరు. అదే ఏడాది క్లాప్టన్ ఆ బృందం వదిలేశాడు. కొన్నాళ్ళకే ఆయన గిటార్ దొంగలపాలైంది, ఇప్పటిదాకా దొరకలేదు. ఆయన స్థానంలో వచ్చిన కుర్రాడు పీటర్ గ్రీన్. 1946లో లండన్‌లోని బెత్నల్ గ్రీన్‌లో, కార్మికుల పేటలో పుట్టాడు. ఆయన కూడా ఒక 1959 నాటి లెస్ పాల్ కొనుక్కున్నాడు, వంద పౌండ్లకు కాస్త పైగా పెట్టి.

ఆ గిటార్‌లో ఒక తేడా ఉంది. లెస్ పాల్‌కు రెండు పికప్‌లు, అంటే తీగల కంపనాన్ని కరెంటు సంకేతంగా మార్చే అయస్కాంత పరికరాలు, ఉంటాయి కదా, మెడ వైపు ఒకటి, బ్రిడ్జి వైపు, అంటే తీగలు కింద ఆనే చోటు వైపు, ఒకటి. మెడ వైపు పికప్‌లో అయస్కాంతం తిరగబడి ఉంది. ఒక్కో పికప్‌ను విడిగా వాయిస్తే ఏమీ తెలియదు. స్విచ్ మధ్యలో పెట్టి రెండూ కలిపితే మాత్రం ఒకదాని తరంగం పైకి వెళ్తుంటే ఇంకోదానిది కిందికి వెళ్తుంది. రెంటిలో సమంగా ఉన్న మంద్ర ధ్వని చాలావరకు పరస్పరం రద్దయిపోతుంది. మిగిలేది పల్చని, కాస్త ముక్కుతో పలికే, గుండెలో గుచ్చుకునే స్వరం. కొలబద్ద పెట్టి చూస్తే అది లోపమే. ఇవాళ కొత్త గిటార్ అలా వస్తే మీరు షాపుకు తిరిగి పంపిస్తారు. పీటర్ గ్రీన్ పంపలేదు, సరిచేయించలేదు. ఆ స్వరంలో తనకు కావలసిన దుఃఖం ఉందని ఆయన చెవి గుర్తుపట్టింది. 1967లో ఫ్లీట్‌వుడ్ మాక్ బృందాన్ని మొదలుపెట్టాడు. 1970 మే నెలలో వదిలేశాడు. ఆ మూడేళ్ళలో వాయించిన వాటికే ప్రపంచంలోని గిటార్ వాద్యకారులు ఇవాళ్టికీ తల వంచుతారు. తక్కువ స్వరాలు, ఎక్కువ నిశ్శబ్దం. మీరు వేగం సాధన చేసి చేసి విసిగిపోయిన రోజున ఆయన్ని వినండి.

ఆ తర్వాత ఆయన మానసిక ఆరోగ్యం బాగా దెబ్బతింది. డబ్బు అంటే విరక్తి పుట్టింది, వస్తువులు వదిలించుకోవడం మొదలుపెట్టాడు. ఈ కథలో నన్ను ఎక్కువగా కదిలించే భాగం ఇక్కడే మొదలవుతుంది. అంత బాధలో ఉన్న మనిషి ఆ గిటార్‌ను ఎవరికి పడితే వాళ్ళకు ఇవ్వలేదు.

బెల్‌ఫాస్ట్‌లో పుట్టిన గ్యారీ మూర్ పదహారేళ్ళకే డబ్లిన్ వెళ్ళి స్కిడ్ రో అనే బృందంలో చేరాడు. ఆ బృందం ఒకసారి ఫ్లీట్‌వుడ్ మాక్ కచేరీకి ముందు వాయించింది. పీటర్ గ్రీన్ ఆ కుర్రాడి వాయింపు విని ఆగిపోయాడు. వాళ్ళకు రికార్డు కంపెనీలో మాట సాయం చేశాడు. తర్వాత కొన్నాళ్ళకు, మూర్ ఇంటర్వ్యూల్లో చెప్పిన దాని ప్రకారం, తన లెస్ పాల్‌ను కొన్ని రోజులు వాయించుకోమని ఇచ్చాడు. తర్వాత కొనుక్కుంటావా అని అడిగాడు. నాకంత స్తోమత లేదన్నాడు మూర్. నీ దగ్గరున్న గిటార్ అమ్మేయ్, ఎంత వస్తే అంత పట్టుకురా అన్నాడు గ్రీన్. మూర్ తన ఎస్‌జీ గిటార్ (గిబ్సన్ వాళ్ళదే ఇంకో మోడల్) అమ్మి డబ్బు తెచ్చాడు. గ్రీన్ అందులో తను ఒకప్పుడు ఎంతకు కొన్నాడో దాదాపు అంతే తీసుకుని మిగతాది వెనక్కి ఇచ్చేశాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. అప్పటికే ఆ మోడల్‌కు గిరాకీ పెరిగింది. పీటర్ గ్రీన్ పేరుతో అమ్మితే ఇంకా ఎక్కువ వచ్చేది. ఆయన అది చూడలేదు. తను ఇచ్చే చెయ్యి ఎలాంటిదో ముందే విన్నాడు. అప్పుగా ఇచ్చి, ఆ చేతిలో అది ఎలా పలుకుతుందో చూసుకున్నాడు. ఆ తర్వాతే ఇచ్చాడు. ఉచితంగా కూడా ఇవ్వలేదు, గమనించండి. నీకు ఇష్టమైనదాన్ని వదులుకుని రా అన్నాడు. గిటార్ ఇవ్వడంలో ఇంతకన్నా మంచి పద్ధతి నాకు తెలియదు.

గ్యారీ మూర్ దాన్ని 30 ఏళ్ళకు పైగా దగ్గరుంచుకున్నాడు. బ్లూస్ వాయించాడు, హార్డ్ రాక్ వాయించాడు, ఊరూరా తిప్పాడు. దాని మెడ విరిగితే అతికించారు. ట్యూనర్లు, అంటే తీగలు బిగించే మరలు, మారాయి. స్వరం తగ్గించి పెంచే గుండ్రటి మీటలు మారాయి. మధ్య స్విచ్‌లో ఉన్న ఆ తేడాను మాత్రం ఆయన తుడిచేయలేదు. 1995లో పీటర్ గ్రీన్ పాటలతోనే ఒక పూర్తి ఆల్బమ్ చేశాడు, అదే గిటార్ మీద. ఒక శిష్యుడు గురువు పాటలను గురువు వాద్యం మీదే గురువు బతికుండగా వాయించి వినిపించడం! నాకు తెలిసిన కానుకల్లో అంత పెద్దది ఇంకోటి లేదు.

2006లో మూర్ దాన్ని అమ్మవలసి వచ్చింది. ఆయన్ని నేను తప్పుపట్టను. చేతికి దెబ్బ తగిలి కచేరీలు రద్దయిన రోజులవి. వాద్యకారుల జీవితం ఎలా ఉంటుందో ఇక్కడున్న పెద్దలకు తెలుసు. తర్వాత ఎనిమిదేళ్ళు ఆ గిటార్ వ్యాపారుల చేతుల్లో, కలెక్షన్లలో తిరిగింది. ఆ ఎనిమిదేళ్ళ గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. కొత్త రికార్డు లేదు, కొత్త పాట లేదు. ధర మాత్రం పెరిగింది.

2014లో దాన్ని కొన్నది మెటాలికా బృందంలోని కర్క్ హామెట్. కొందరు పెదవి విరిచారు. లండన్ బ్లూస్ ఎక్కడ, శాన్ ఫ్రాన్సిస్కో హెవీ మెటల్ ఎక్కడ! కానీ హామెట్ దాన్ని అద్దాల పెట్టెలో పెట్టలేదు. స్టేడియంలలో వేలమంది ముందు వాయిస్తున్నాడు. తాను దీనికి యజమానిని కాదని, కొన్నాళ్ళు కాపాడే మనిషిని మాత్రమేనని చెబుతుంటాడు. 2020 ఫిబ్రవరిలో లండన్ పల్లాడియంలో ఫ్లీట్‌వుడ్ మాక్ డ్రమ్మర్ మిక్ ఫ్లీట్‌వుడ్ ఏర్పాటు చేసిన పీటర్ గ్రీన్ గౌరవ కచేరీలో హామెట్ ఆ గిటార్‌తోనే వేదిక ఎక్కాడు. అదే ఏడాది జులైలో గ్రీన్ కన్నుమూశాడు. మూర్ అప్పటికే 2011లో పోయాడు. ఇద్దరు పోయారు, గిటార్ మూడో చేతిలో పలుకుతూనే ఉంది. దానికి 'గ్రీనీ' అనే పేరు నిలిచిపోయింది. 2023లో గిబ్సన్ కంపెనీ దాని నకళ్ళు చేసి అమ్మింది, తిరగబడిన ఆ స్వరంతో సహా. ఒకప్పటి లోపాన్ని ఇప్పుడు ఫ్యాక్టరీలో కావాలని పెడుతున్నారు.

ఇంకో గిటార్ గురించి కూడా చెబుతాను. ఇది కాస్త మనసు భారం చేసే కథ. రోరీ గాలఖర్ ఐర్లండ్ వాద్యకారుడు. 1963లో, పదిహేనేళ్ళ వయసులో, కార్క్ నగరంలోని ఒక షాపులో 1961 నాటి స్ట్రాటోకాస్టర్ అనే ఫెండర్ కంపెనీ ఎలక్ట్రిక్ గిటార్‌ను దాదాపు వంద పౌండ్లకు వాయిదాల మీద కొన్నాడు. ఆ డబ్బు అప్పట్లో వాళ్ళింటికి చాలా పెద్ద మొత్తం. జీవితమంతా అదే వాయించాడు. ఒకసారి దొంగలు ఎత్తుకెళ్ళి వదిలేస్తే రోజుల తరబడి వానలో తడిసింది. ఆయన చెమటకు, వాడకానికి దాని మీద పెయింట్ దాదాపు మొత్తం ఊడిపోయి చెక్క బయటపడింది. 1995లో ఆయన 47 ఏళ్ళకే పోయాడు. తమ్ముడు డోనల్, ఆయనకు జీవితమంతా మేనేజర్‌గా ఉన్నవాడు, దాన్ని భద్రంగా దాచాడు. 2024 అక్టోబర్‌లో లండన్‌లో వేలానికి పెట్టారు. 8,89,400 పౌండ్లు పలికింది. కొన్న ఐరిష్ కచేరీల కంపెనీ దాన్ని ఐర్లండ్ జాతీయ మ్యూజియానికి ఇచ్చేసింది.

మంచిదే. ఐర్లండ్ ప్రజల గిటార్ ఐర్లండ్‌లోనే ఉంది. ఏ కోటీశ్వరుడి ఇంట్లోనో మాయమయ్యే దానికన్నా వెయ్యి రెట్లు నయం. అయినా నాకు మనసులో ఒక ముల్లు ఉంది. అంతగా వాయించిన గిటార్, వాయించి వాయించి రంగంతా పోయిన గిటార్, ఇప్పుడు అద్దం వెనక ఉంటే దాని తీగల మీద ఎవరి చెయ్యి పడుతుంది? మ్యూజియం వాళ్ళు అప్పుడప్పుడూ మంచి వాద్యకారుడిని పిలిచి వాయింపజేస్తే బాగుంటుందని నా కోరిక. ఇది అసాధ్యమేమీ కాదు. డువేన్ ఆల్‌మన్ అనే మహానుభావుడు వాయించిన 1957 నాటి బంగారు రంగు లెస్ పాల్ ఉంది. ఆయన 1971లో, 24 ఏళ్ళకే, మోటార్‌సైకిల్ ప్రమాదంలో పోయాడు. అంతకు ఏడాది ముందే ఆ గిటార్‌ను ఇంకో లెస్ పాల్ కోసం మారకం వేశాడు, దాని పికప్‌లు మాత్రం తీసి తన దగ్గరే ఉంచుకున్నాడు. అది చేతులు మారి మారి జార్జియా రాష్ట్రం మేకన్‌లోని ఆల్‌మన్ బ్రదర్స్ మ్యూజియంలో ప్రదర్శనకు వచ్చింది. కానీ అప్పుడప్పుడూ బయటికి వెళ్ళి వేదిక మీద పలికింది. దాన్ని వాయించినవాళ్ళలో డెరెక్ ట్రక్స్ ఒకరు. డువేన్ పోయిన ఏడున్నరేళ్ళకు పుట్టినవాడు, డువేన్ బృందంలో డ్రమ్మర్‌గా ఉన్న బుచ్ ట్రక్స్‌కు అన్న కొడుకో తమ్ముడి కొడుకో వరస. ఒకరినొకరు చూడని ఇద్దరి చేతులు ఒకే మెడ మీద నడిచాయి.

(సభలోంచి ప్రశ్న: పాత గిటార్ నిజంగా కొత్తదానికన్నా బాగుంటుందా, సార్?)

మంచి ప్రశ్న, నిజాయితీగా జవాబు చెప్పాలి. పాతదైతే చాలు, గొప్పదేనని నేను అనను. వయొలిన్ల మీద పరీక్షలు చేశారు. 2010లో ఇండియానాపొలిస్‌లో 21 మంది వాద్యకారులకు చీకటి కళ్ళజోళ్ళు పెట్టి స్ట్రాడివరీలాంటి పాత వయొలిన్లు, కొత్త వయొలిన్లు వాయింపజేశారు. ఎక్కువమందికి కొత్తవే నచ్చాయి. కాబట్టి వయసు మీద మూఢభక్తి వద్దు. గిటార్లలో కూడా బాగాలేనివి విరిగిపోయి, విసిరేయబడి, మంచివి మిగిలాయి. మనం చూసేది ఆ మిగిలిన వాటిని.

అయితే కొన్ని మార్పులు మాత్రం నా చేతికి తెలుస్తాయి. అకూస్టిక్ గిటార్, అంటే కరెంటు లేకుండా పలికే గిటార్, పైచెక్క సాధారణంగా స్ప్రూస్ అనే చెట్టుది. కాలం గడిచేకొద్దీ అందులోని జిగురు పదార్థం గట్టిపడుతుంది, చెక్క కాస్త తేలికవుతుంది. పాతకాలపు నైట్రో లాకర్ అనే వార్నిష్ పూత పల్చబడి, సన్నని చీలికలు వేస్తుంది. 1959 నాటి లెస్ పాల్‌లలో ఎరుపు రంగు వెలుతురుకు వెలిసిపోయి, ఒకటి తేనె రంగులో, ఒకటి నిమ్మపండు రంగులో, ఒకటి లేత టీ రంగులో మిగిలాయి. అసలు ఒకేలా తయారైనవి, ఏ కిటికీ పక్కన ఎన్నేళ్ళు ఉన్నాయో దాన్నిబట్టి వేరువేరయ్యాయి.

ఇంకో మాట. మామూలు స్టీల్ తీగలు ఆరూ శ్రుతిలో ఉన్నప్పుడు గిటార్ మీద పడే లాగుడు దాదాపు 70 కిలోలు. ఒక పెద్దమనిషి బరువు, రాత్రింబవళ్ళు, ఏళ్ళ తరబడి. అందుకే పాత అకూస్టిక్ గిటార్ మెడ కొద్దికొద్దిగా ముందుకు వంగుతుంది, యాక్షన్, అంటే మెడ మీద తీగల ఎత్తు, పెరుగుతుంది, తీగ నొక్కడం కష్టమవుతుంది. అది గిటార్ చచ్చిపోయిందని కాదు. మార్టిన్ లాంటి కంపెనీలు పాతకాలంలో వాడిన జంతు బంక వేడికి, తేమకు మెత్తబడుతుంది. ఆవిరి పట్టి మెడ జాయింట్ విప్పి, కోణం సరిచేసి, మళ్ళీ బిగించవచ్చు. దీన్నే నెక్ రీసెట్ అంటాం. చేసినవాళ్ళే తర్వాతి తరం ఎవరైనా విప్పుకునేలా చేసి పెట్టారన్నమాట. నేను ఈ పనిలో ఉన్నందుకు గర్వపడే సందర్భం ఏదైనా ఉంటే, అలాంటి జాయింట్ చీలిక లేకుండా విడివడిన సందర్భమే. ఇంట్లో ఎవరైనా దాన్ని సూపర్ గ్లూతో అతికించారనుకోండి, ఆ దారి మూసుకుపోతుంది. దయచేసి అది చేయకండి. బ్రిడ్జి ఊడినా, హెడ్‌స్టాక్, అంటే మెడ చివరి తల భాగం, విరిగినా, ముక్కలన్నీ ఒక కవర్‌లో వేసి అలాగే తీసుకురండి. పొడి కూడా పారేయకండి.

చెక్క గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అక్కడ మనకు సంబంధం ఉంది. పాత మార్టిన్ డి-28 గిటార్ల వీపు, పక్కలు బ్రెజిల్ రోజ్‌వుడ్‌తో చేసేవాళ్ళు. 1960ల చివర్లో బ్రెజిల్ దుంగల ఎగుమతి ఆపడంతో మార్టిన్ 1969 ప్రాంతంలో భారతీయ రోజ్‌వుడ్‌కు మారింది. మన దక్షిణాది అడవుల్లో పెరిగే చెట్టే అది. మనవాళ్ళు ఇరుగుడు అంటారు, కొన్నిచోట్ల జిట్టేగి అంటారు. అప్పటి నుంచి ప్రపంచంలో కచేరీ చేసే అకూస్టిక్ గిటార్లలో ఎన్నింటి వీపు మన వైపు చెట్టుదో చెప్పలేం. 1992లో బ్రెజిల్ రోజ్‌వుడ్‌ను, అంతరించిపోయే జాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందంలో, అత్యంత కఠినమైన జాబితాలో చేర్చారు. భారతీయ రోజ్‌వుడ్ మీద 2017లో ఆంక్షలు వచ్చాయి, పూర్తయిన సంగీత వాద్యాలకు 2019లో సడలించారు. అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ళు కొందరు పాత మార్టిన్ కొని, ఇక్కడున్న తమ్ముడికో మేనల్లుడికో ఇద్దామని తెస్తుంటారు. 1960ల నాటిది అయితే విమానం ఎక్కే ముందే అనుమతి పత్రాల సంగతి చూసుకోండి. ఎంతో ప్రేమతో తెచ్చిన వాద్యం కస్టమ్స్ గదిలో ఆగిపోకూడదు.

మరి మన ఇళ్ళలో? మన అటకల మీద 1959 లెస్ పాల్‌లు లేవు. ఉన్నవి ఎక్కువగా కలకత్తాలో తయారైన గిటార్లు. చర్చిలో వాయించిన మామయ్యది, కాలేజీ ఆర్కెస్ట్రాలో వాయించిన నాన్నది, పెళ్ళి బ్యాండులో వాయించిన తాతది. ప్లైవుడ్ వీపు, కాస్త లావు మెడ, తుప్పు పట్టిన ట్యూనర్లు. వేలంలో వీటికి ధర ఉండదు. కానీ నా బల్ల మీదికి ఇలాంటివి వచ్చినప్పుడు నేను ఎక్కువసేపు వాటి దగ్గర కూర్చుంటాను. ఒకసారి విజయవాడ నుంచి ఒకమ్మాయి వాళ్ళ తాతగారి గిటార్ తెచ్చింది. కేసు జేబులో నోటుపుస్తకం కాగితాలున్నాయి. పాటలు తెలుగులో రాసి, పైన పెన్సిల్‌తో కార్డుల (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మీటే పట్లు) పేర్లు కూడా తెలుగులోనే రాసుకున్నారాయన. మూడో ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు కమ్మీ) దాకా ఫింగర్‌బోర్డ్ (వేళ్ళు నొక్కే చెక్క) బాగా గుంటలు పడి ఉంది, ఆ పైన కొత్తదిలా ఉంది. ఆయన ఏ కార్డులు వాయించేవారో కాగితం చూడకుండానే చెక్క చెబుతోంది. ఫ్రెట్లు మార్చమని అడిగింది ఆ అమ్మాయి. మార్చాను. గుంటలు మాత్రం పూర్తిగా పూడ్చవద్దని నేనే అడిగాను, సరేనంది.

ఇలాంటి ఒక వాద్యం చేతికి అందడం వల్ల ఏమవుతుందో చూడాలంటే పాలకొల్లు వైపు చూడండి. గిటార్ కాదు, దగ్గరి చుట్టం. ఆరేళ్ళ ఉప్పలపు శ్రీనివాస్ వాళ్ళ నాన్న సత్యనారాయణ గారి మాండొలిన్ తీసి వాయించడం మొదలుపెట్టాడు. ఆ తండ్రి 'ముట్టుకోకు, పాడైపోతుంది' అని ఉంటే? అనలేదు. కొడుకు చేతిని విన్నాడు. కొత్త మాండొలిన్ కొనిచ్చాడు, గురువు దగ్గర పెట్టాడు. ఆ గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు దాన్ని వాద్యం మీద పట్టుకునేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధన ఉత్సవాల్లో తొలి కచేరీ, అప్పటికి తొమ్మిదేళ్ళు. తర్వాత ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతాన్ని ప్రపంచమంతా తిప్పాడు. 2014లో 45 ఏళ్ళకే పోయాడు. తమ్ముడు రాజేష్ ఆ బాణీ వాయిస్తున్నాడు. ఇంట్లో వాద్యం పిల్లల చేతికి అందే ఎత్తులో ఉండాలని నేను అనడానికి నాకు ఈ ఒక్క ఇల్లు చాలు.

ధరల గురించి రెండు ముక్కలు, ఎవరైనా అడుగుతారు కాబట్టి. 2019లో పింక్ ఫ్లాయిడ్ బృందం గిటారిస్ట్ డేవిడ్ గిల్మర్ తన గిటార్లు వందకు పైగా వేలం వేశాడు. ఆయన నల్ల స్ట్రాటోకాస్టర్ ఒక్కటే 39 లక్షల 75 వేల డాలర్లు పలికింది. వచ్చిన డబ్బంతా పర్యావరణం కోసం పనిచేసే సంస్థకు ఇచ్చేశాడు, అది గౌరవించాల్సిన పని. మరుసటి ఏడాది నిర్వాణా బృందం గాయకుడు కర్ట్ కోబెయిన్ వాయించిన మార్టిన్ గిటార్ 60 లక్షల డాలర్లు దాటింది. ఈ అంకెలు వినడానికి బాగుంటాయి. కానీ వీటివల్ల ఒక నష్టం జరుగుతోంది. ధర ఇంత పెరిగాక వాద్యకారుడు కొనలేడు. కొన్నవాడు వాయించడానికి భయపడతాడు. భయం అనవసరం అనలేను కూడా. 2015లో వచ్చిన ఒక హాలీవుడ్ సినిమా కోసం మార్టిన్ మ్యూజియం 1870ల నాటి గిటార్ అరువిస్తే, నకలు అనుకుని ఒక నటుడు షూటింగ్‌లో దాన్ని పగలగొట్టాడు. ఆ తర్వాత మ్యూజియం సినిమాలకు గిటార్లు ఇవ్వడం మానేసింది. అరువిచ్చేవాడికి, తీసుకునేవాడికి మధ్య నమ్మకం ఒక్కసారి తెగితే ఎన్ని గిటార్లు తలుపు వెనకే ఉండిపోతాయో చూడండి. అందుకే చిన్నవాళ్ళకు చెబుతున్నాను: ఎవరైనా పెద్దాయన తన గిటార్ మీ చేతిలో పెడితే, బెల్ట్ బకిల్ పక్కకు తిప్పుకోండి, ఉంగరాలు తీయండి, చేతులు కడుక్కుని పట్టుకోండి. మీ తర్వాత వచ్చేవాళ్ళకు ఆయన ఇస్తాడా లేదా అన్నది మీ మీద ఉంటుంది.

(సభలోంచి ప్రశ్న: మా నాన్నగారి గిటార్ ఉంది. కొత్తగా పాలిష్ పెట్టించి, ఫ్రెట్లు మార్పించి వాడుకోవచ్చా? విలువ పోతుందంటున్నారు.)

రెండూ వేరువేరు సంగతులమ్మా. పాలిష్ వద్దు. పాత పూత గీకి కొత్తది వేస్తే నాన్నగారి చెయ్యి ఆనిన చోటు, మోచెయ్యి ఒరిపిడి, అన్నీ పోతాయి. మందమైన కొత్త పూత పడితే చెక్క కదలిక కూడా తగ్గుతుంది. మెత్తని పొడిగుడ్డతో తుడవండి, చాలు. ఫ్రెట్లు మాత్రం నిస్సంకోచంగా మార్చండి. అవి అరగడానికే పెట్టారు. కలెక్టర్లు అసలు ఫ్రెట్లు కావాలంటారు, నిజమే. మీరు అమ్మడానికి పెట్టుకున్నారా, వాయించడానికా?

(వాయించడానికే.)

అయితే సందేహం వద్దు. తీసేసిన పాత భాగాలు, ట్యూనర్లు, నట్ (మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ), ఏదైనా సరే, ఒక డబ్బాలో వేసి కేసులోనే ఉంచండి. ఒక కాగితం మీద రాయండి: నాన్నగారు ఎక్కడ కొన్నారు, ఏ ఊళ్ళో వాయించారు, ఎప్పుడు ఏం మార్చారు. ఇవాళే రాయండి, నాన్నగారు ఉంటే ఆయన్నే అడిగి రాయండి. ఫోన్‌లో ఆయన మాట రికార్డు చేసినా మంచిదే. మీ ఊరు ఏది?

(విశాఖపట్నం.)

విశాఖలో గాలిలో తేమ ఎక్కువ. చెక్క ఉబ్బుతుంది, తీగలు తుప్పు పడతాయి. మన హైదరాబాద్‌లో మే నెలలో దానికి పూర్తి వ్యతిరేకం, చెక్క ఎండి ఫ్రెట్ల కొనలు బయటికి పొడుచుకొస్తాయి. 45 నుంచి 55 శాతం తేమ ఉంటే గిటార్‌కు సుఖం. కేసులో చిన్న తేమ మీటర్ పెట్టుకోండి, తక్కువ ధరకే దొరుకుతుంది. విశాఖలో సిలికా జెల్, ఇక్కడ ఎండాకాలంలో తడి స్పాంజ్ ఉన్న డబ్బా. కారు డిక్కీలో మాత్రం ఎండలో ఎప్పుడూ వదలకండి, బంక కరుగుతుంది.

ఇవాళ గిటార్లు తెచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఒక్కొక్కరుగా ముందుకు రండి. ముందు పాతవి చూద్దాం. ఎవరిదో చెప్పి, రెండు కార్డులు వాయించి, తర్వాత నా చేతికి ఇవ్వండి.